వెనక సీటు లేని పడవ

ఒక్కరేనా, అన్నాడు పడవల దగ్గరాయన, ఒక్కదాన్నేనని కళ్ళకి కనపడుతూనే ఉన్నా. చెల్లెలుగారు రాలేదా అని కూడా అన్నాడు. లైఫ్ జాకెట్ పట్టీలు బిగించుకుంటూ లేదన్నట్టు తల ఊపాను. తను నా చెల్లెలు కాదని ఈయనకి ఏనాడూ చెప్పలేదు. చెబితే తోడికోడలని చెప్పి ఉండేదాన్ని, ఆ మాటకి కూడా మొన్నటితో కాలం చెల్లింది, కోర్టు కాగితం చేతికొచ్చింది, నా మరిదికి భార్య కానిది నాకు తోడికోడలు ఎలా అవుతుంది? మరి ఏమవుతుంది? మా అమ్మాయి కూడా అదే అడిగింది, అమ్మా, ఇప్పుడు పిన్నిని ఏమని పిలవాలి అని, హోంవర్కులో లెక్క అడిగినంత మామూలుగా. పిన్ని అనే పిలువు అన్నాను. నానమ్మ ముందు కూడానా అంది. పిల్లలంతే, పుండు ఎక్కడుందో చూసి మరీ అక్కడే వేలు పెడతారు. అలవాటైన ఇద్దరి పడవే ఇవ్వనా మేడం, వెనక ఖాళీగా ఉంటే ఉంటుంది, అంటున్నాడు ఆయన. వద్దండీ, ఒక్కరిదే ఇవ్వండి. అయితే వంతెన వైపు డ్రమ్ము దాటకండి, చీకటి పడకముందే వచ్చెయ్యండి. అలాగే, డ్రమ్ము దాటను, డ్రమ్ము దాకా చేరితే చాలు, నాకు ఇవాళ అంతకంటే అక్కర్లేదు.

పసుపు రంగు పడవ, కూర్చోగానే చంటిపిల్ల నడుమ్మీద సర్దుకున్నట్టు అటూ ఇటూ కదిలి సర్దుకుంది. నీళ్ళు బూడిద రంగులో ఉన్నాయి, వాటి మీద అక్కడక్కడా నాలాంటి నారింజ జాకెట్లు, అవతల ఒడ్డున ఆఫీసు మేడల అద్దాల్లో పొద్దు ఇంకా వేలాడుతూ ఉంది. ఎదురుగా చెరువు చివర రైలు వంతెన. దానికి కాస్త ఇవతల నీళ్ళ మీద తేలుతూ నారింజ డ్రమ్ము, ఇక్కణ్ణించి చూస్తే బఠాణీ గింజంత. రాత్రి తను మెసేజ్ పెట్టింది. అక్కా, స్టేషన్‌కి రాకు, మా అన్నయ్య ఉంటాడు, మీ ఇంటివాళ్ళంటేనే ఒంటికాలి మీద లేస్తున్నాడు, నిన్ను ఎవరైనా ఒక్క మాటన్నా నేను బండి ఎక్కలేను. రేపు బుధవారమే కదా, నువ్వు నీ బుధవారం పని చూసుకో. ఏడింటికి బండి వంతెన మీద మెల్లగా వెళ్తుంది. డ్రమ్ము దగ్గరుండు. కిటికీ పక్క సీటు దొరికింది, చూస్తాను. అంతే. తిరిగి వస్తానని లేదు, ఫోన్ చేస్తానని లేదు, అక్కడ కొత్త ఊళ్ళో కొత్త డ్రైవింగ్ స్కూల్లో నేర్పడానికి చేరుతున్నానని పది రోజుల కింద చెప్పిందే ఆఖరు. కాబట్టి ఏడు కొట్టేలోపు నేను ఆ బఠాణీ గింజ దగ్గర ఉండాలి. కిటికీలోంచి నన్ను అది చూడాలి. నేను దాన్ని చూడలేకపోయినా ఫరవాలేదు.

కుడి, ఎడమ, కుడి, ఎడమ. తెడ్డు చివర్ల నించి నీళ్ళు మోచేతుల్లోకి కారుతున్నాయి, కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో గోళ్ళ సందుల్లో ఇరుక్కున్న ప్లాస్టర్ ఇంకా తెల్లగానే ఉంది. బయల్దేరేముందు ఎంత తోమినా పోలేదు, ఆ పై పళ్ళ సెట్టుతోనే ఆలస్యమైంది, ఇవాళే వెనక్కొచ్చింది, కొరికితే ఒక పక్క ఎత్తుగా తగులుతోందట. డాక్టరు నీలం కాగితం పళ్ళ మధ్య పెట్టి కొరికిస్తే ఎక్కడ ఎక్కువ నొక్కుతున్నారో అక్కడ నీలం మచ్చ పడుతుంది, ఆ మచ్చ మేరకే అరగదీయాలి, మచ్చ లేనిచోట చెయ్యి పెట్టకూడదు. ఇరవై ఏళ్ళుగా ఇదే పని, జనం నోళ్ళు నాకు ప్లాస్టర్ ముద్దల్లో తప్ప తెలియవు, అయినా ఒకటి తెలిసింది, రెండు పక్కలా సమానంగా నమిలే మనిషి లేడు, అందరికీ ఒక పక్క ఉంటుంది, అడిగితే మాత్రం లేదంటారు. పడవ ఎడమకి పోతోంది. గాలి అయి ఉంటుంది. ఎడమచేత్తో రెండుసార్లు లాగితే ముక్కు మళ్ళీ వంతెన వైపు తిరిగింది. మళ్ళీ కుడి, ఎడమ, కుడి, ఎడమ.

మొదటిసారి తీసుకొచ్చింది తనే. తన దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న ఒకావిడ లైసెన్సు వచ్చిన సంతోషంలో ఇక్కడి టిక్కెట్లు రెండు ఇచ్చిందట. అక్కా, బుధవారం సాయంత్రం ఏం చేస్తున్నావు అంది. ఏం చేస్తాను, నీ బావగారి చొక్కాలు ఇస్త్రీ చేస్తాను అన్నాను. చొక్కాలు ఎక్కడికీ పారిపోవు పద, అంది. ఒడ్డున ఈ పడవల్ని చూసి, నాకు ఈత రాదే తల్లీ, అంటే, జాకెట్టుకి వచ్చులే అక్కా, అంది. పడవలో ఎవరు ముందు, ఎవరు వెనక అని వచ్చింది. నువ్వు పెద్ద కోడలివి, ముందు నువ్వే కూర్చోవాలి, మర్యాద దక్కాలి కదా, అని నన్ను ముందుకు తోసి తను వెనకెక్కింది. అప్పట్నించీ ప్రతి బుధవారం నేను ముందు, తను వెనక. చోటు మార్చుకుందామని తనూ అనలేదు, ఓసారి నేను వెనక్కి వస్తానని నేనూ అనలేదు. ఇద్దరి పడవలో ముందు కూర్చున్నవాళ్ళకి వెనకవాళ్ళు కనపడరు, మెడ తిప్పితే పడవ ఊగుతుంది. అందుకని చెరువు మీద తను నాకు ఎప్పుడూ ఒక గొంతే. నా చేతులు లాగేస్తుంటే, ఏమే, తెడ్డు వేస్తున్నావా, నీళ్ళలో చెయ్యి కడుక్కుంటున్నావా, అనేదాన్ని. నువ్వు లాగక్కా, నేను వస్తున్నాగా, అనేది. మహారాణీ, వెనక కూర్చుని షికారు బాగుందా. బాగుంది, నౌకరు కాస్త కూనిరాగం కూడా తీస్తే ఇంకా బాగుంటుంది. ఇంటికెళ్ళాక అందరికీ చెప్పేదాన్ని, పడవంతా నేనే లాగాను, ఇది పిల్ల జమీందారులా కూర్చుంది అని. అందరూ నవ్వేవాళ్ళు, అందరికంటే ఎక్కువ అదే నవ్వేది.

అత్తయ్య కూడా నవ్వేవారు, పళ్ళు లేకుండా, ఆ నవ్వే బాగుంటుంది. అత్తయ్య పళ్ళు నేనే చేశాను, నా చేత్తో చేసిన వాటిల్లో అంత బాగా కుదిరిన సెట్టు ఇంకోటి లేదు, అయినా ఇంట్లో ఉన్నంతసేపూ అవి గిన్నెలో నీళ్ళల్లోనే ఉంటాయి. బయటివాళ్ళొస్తేనో, మాట గట్టిగా చెప్పాల్సి వస్తేనో తప్ప పెట్టుకోరు. అందుకని మా ఇంట్లో అత్తయ్య పళ్ళు పెట్టుకుని వంటింట్లోకి వచ్చారంటే స్టవ్ కట్టేసి వినడమే. ఇవాళ పొద్దున పెట్టుకుని వచ్చారు. ఆదివారం ఆ అమ్మాయి వస్తోంది, వాళ్ళ అమ్మా నాన్నా వస్తున్నారు. నిన్ను అక్కా అని పిలుస్తుంది. నువ్వు పలకాలి, అన్నారు. పలకనని నేనన్నానా అత్తయ్యా. అనవు, నీ మొహం అంటుంది, వచ్చే పిల్ల తప్పేముంది ఇందులో? నిజమే, తప్పేముంది, మరిది చేసుకోబోయే ఆ అమ్మాయి వాడి ఆఫీసులోనే పనిచేస్తుంది, ఫోటోలో మంచి పిల్లలాగే ఉంది, కింది వరస పళ్ళు కొంచెం ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి, అదొక్కటే నేను చూశాను. సరే అత్తయ్యా అన్నాను. ఆవిడ వెళ్ళబోయి గుమ్మం దగ్గర ఆగి, రెండు వేళ్ళతో పళ్ళు ఊడదీసుకుని చేతిలో పట్టుకుని, ఆ మెత్తటి నోటితో, నాకు మాత్రం గుర్తు రాదుటే, నిన్న కూడా గ్యాసు కట్టేశావా అని దాన్నే కేకేశాను, అన్నారు. ఆవిడ కళ్ళలోకి చూడలేక బల్ల తుడిచాను. తుడిచిందే తుడిచాను.

మళ్ళీ ఎడమకే. ఈసారి గాలి లేదు, నీళ్ళు నూనె పోసినట్టున్నాయి, అయినా ముక్కు రెల్లుపొదల వైపు తిరిగి కూర్చుంది. పడవే వంకరదేమో. ఎక్కేముందు చూసుకోవాల్సింది. ఎడమచేత్తో మూడు, నాలుగు, తిరిగింది, తిరిగాక ఎంత దూరం వచ్చానో చూసుకున్నాను. ఈపాటికి ఇద్దరం సగం దాటేసి కబుర్లలో ఉండేవాళ్ళం. డ్రమ్ము ఇంకా బఠాణీ గింజే. మహా అయితే నిమ్మకాయ.

వాళ్ళ జీవితాలు వాళ్ళవి, మనమేం చేస్తాం, అంటారు మా ఆయన. మరి నా జీవితం, అన్నాను. నీ జీవితానికేమైందే, అన్నారు నిజంగానే అర్థం కాక, చేతిలో చెప్పు పట్టుకుని. మొగుడు పోతే ఏడవచ్చు, అక్క పోతే ఏడవచ్చు, స్నేహితురాలు మోసం చేసిందని కూడా ఏడవచ్చు, తోడికోడలు విడాకులు తీసుకుని వెళ్ళిపోతే ఏడవడానికి నువ్వెవరంటారు. ఆయనే అన్నారు కూడా, చూసేవాళ్ళకి నీకే విడాకులైనట్టుంటుంది, కాస్త తమాయించుకో, అని. ఆయన తమ్ముడు ఎదురుగానే కూర్చుని టీవీ చూస్తున్నాడు. మరిదిని తిట్టుకుందామంటే తిట్టూ రాదు, నేను కాపురానికి వచ్చేనాటికి వాడు స్కూలు పిల్లాడు, నా చేతి అన్నం తిని పెరిగాడు. వదినా, నేనేం చెయ్యను, తనతో ఉంటే నాకు మాట్లాడాలనిపించదు, అన్నాడోసారి. నాకేమో దానితో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడాలనిపించదురా, అని పైకి అనలేదు. ఒక్క ఇంట్లో, ఒక్క మనిషితో, ఒకళ్ళకి మాటలు అయిపోవడం, ఇంకొకళ్ళకి అయిపోకపోవడం. పదకొండేళ్ళు ఒక్క వంటింట్లో తిరిగాం, పొయ్యి ముందు నేను, సింకు దగ్గర అది, వెనక్కి చెయ్యి చాపితే గరిటె అందేది. ఇప్పటికీ చాపుతాను. చెయ్యి కాసేపు అలాగే ఉండిపోతుంది.

చెప్పింది కూడా ఇక్కడే. ఇంచుమించు ఇక్కడే, ఆ పంపుహౌసు గోడ ఎదురుగా. అక్కా, ఒక మాట చెప్తాను, వెనక్కి తిరక్కు, అంది. తిరిగితే మునుగుతాంగా, చెప్పు, అన్నాను నవ్వుతూ, ఏ చీరో కొని దాచిందనుకుని. ఆయనకి ఇంకొకరు ఉన్నారక్కా. నేను వెళ్ళిపోతాను, గొడవేం చెయ్యను, గొడవ చేస్తే నువ్వు మధ్యలో నలుగుతావు. నా తెడ్డు నీళ్ళలోనే ఉండిపోయింది. లాగక్కా, ఆపకు, ఆపితే నేను చెప్పలేను, అంది. లాగాను. అది చెబుతూ ఉంది, నేను లాగుతూ ఉన్నాను, వాళ్ళిద్దరిని ఎక్కడ చూసిందో, ఆ రాత్రి నేను ఏం వండానో కూడా తనకి గుర్తుందట, గొంతు రెండుసార్లు ఆగింది, ముక్కు ఎగబీల్చిన చప్పుడు ఒకటి వినపడింది, ఎదురుగా వంతెన, డ్రమ్ము, నీళ్ళు తప్ప నాకేమీ కనపడలేదు. ఆ మాట చెప్పినప్పుడు దాని మొహం ఎలా ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. ఒడ్డుకొచ్చేసరికి మొహం కడిగేసుకుని, టీ తాగుదామా, అంది.

ఆ రోజు పడవ తిన్నగా వెళ్ళింది.

ఇది ఇప్పుడెందుకు తట్టింది? తిన్నగా వెళ్ళింది, వంతెన నా ముక్కుకి ఎదురుగానే ఉంది, చెప్పడం మొదలుపెట్టినప్పుడూ ఎదురుగానే, అయిపోయినప్పుడూ ఎదురుగానే. ఇవాళేమో పది తెడ్లకోసారి రెల్లుపొదలు. కుడిచెయ్యి చూసుకుంటాను. ల్యాబులో ఇరవై ఏళ్ళుగా తిరిగే చక్రానికి పళ్ళ సెట్టు ఆనించి నునుపు చేసేది ఈ చెయ్యే, బండచెయ్యి, మా అమ్మాయి జడ వేస్తే కెవ్వుమంటుంది. కుడి గట్టిగా లాగితే పడవ ఎడమకి పోతుంది, పోక ఏం చేస్తుంది. గాలి కాదు, పడవా వంకర కాదు. నాకూ ఒక పక్క ఉంది. అయితే ఇన్ని బుధవారాలు పోలేదేం?

ఓసారి తన కారెక్కాను, నేర్పే కారు, తన కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇదెందుకే, అన్నాను. వాళ్ళు తొక్కనప్పుడు నేను తొక్కడానికి. మరి వాళ్ళకి తెలియదా? తెలియకుండా తొక్కాలక్కా, అక్కడే ఉంది పనంతా, బండి తామే నడుపుతున్నామనిపించాలి, లేకపోతే భయం పట్టుకుంటుంది, ఇక జన్మలో నేర్చుకోరు, అంది. ఘటికురాలివే, అన్నాను. మా ఇంట్లో నాకూ అత్తయ్యకీ మాట మీద మాట పెరిగినప్పుడల్లా ముందుగదిలోంచి, అక్కా, నీకు ఫోను, అని కేక వేసేది. చేతులు తుడుచుకుని వెళ్ళేసరికి, కట్టయింది, మళ్ళీ చేస్తారేమో కూర్చో, అనేది. కూర్చునేదాన్ని. కాసేపటికి దేనికి కోపమొచ్చిందో నేనే మర్చిపోయేదాన్ని. ఆ ఫోన్లు ఎవరు చేసేవాళ్ళో ఏనాడూ ఆరా తీయలేదు, ఒక్కళ్ళు కూడా మళ్ళీ చెయ్యలేదు. పదకొండేళ్ళు. నలుగురిలో నాకు ఎంత పేరు, పెద్ద కోడలు ఇంటిని ఒక్కతాటి మీద నడుపుతోందని. నడిపాను కాబోలు. ముందు కూర్చుని.

అంటే ఆ రోజు కూడా. ఏడుస్తూ కూడా. మొగుడికి ఇంకొకరున్నారని నాకు చెబుతూ, నా కుడిచేతి బండతనాన్ని వెనక నుంచి ఒక్కో తెడ్డుకీ సరిచేస్తూ. పిల్ల జమీందారట.

కూత వినపడింది. స్టేషన్ వైపు నించి, ఇంకా దూరంగానే, కానీ దూరం ఎంతసేపు దూరంగా ఉంటుంది. కుడి, ఎడమ, ఎడమ, కుడి, ఎడమ, భుజాలు మండుతున్నాయి, నీళ్ళు ఒళ్ళోకి చిమ్ముతున్నాయి, మెల్లగా లాగాలని తెలుసు, తెలిసినా చెయ్యి వినదు, తొందరలో చెయ్యి ఎప్పుడూ తన పాత బుద్ధికే పోతుంది. డ్రమ్ము కొబ్బరికాయంత అయింది, దాని మీద కూర్చున్న కొంగ కూడా కనపడుతోంది. ఇంకొంచెం. నువ్వు లాగక్కా. లాగుతున్నానే, లాగుతున్నాను, నువ్వెక్కడే. ముక్కు తిరుగుతోంది, రెల్లుపొదలు వస్తున్నాయి, ఎడమ, ఎడమ, మరీ గట్టిగా వేశాను, తెడ్డు జారింది, పట్టుకునేసరికి పడవ అడ్డంగా తిరిగి నిలబడింది, వంతెన నా కుడిభుజం వెనక్కి వెళ్ళిపోయింది. సరిగ్గా అప్పుడే వంతెన మోగడం మొదలైంది.

మెడ తిప్పాను. పడవ ఊగింది, ఊగనీ. దీపాలు వెలిగిన కిటికీలు, ఒకదాని వెనక ఒకటి, కొన్నిటిలో తలలు, ఒకదాంట్లో పిల్లవాడి చెయ్యి, ఒకదాంట్లో దించేసిన తెర. ఏ పెట్టె అని అడగలేదు. ఏ వైపు కిటికీ అని కూడా అడగలేదు. తెడ్డు రెండు చేతులా పైకెత్తాను, జెండాలా, పిచ్చిదానిలా, నీళ్ళు నెత్తిన కారుతుంటే అలాగే పట్టుకున్నాను. చిన్నదానా అని అరిచాను, పేరు పెట్టి అరవలేదు, ఎందుకో నోటికి అదే వచ్చింది, ఇంట్లో పిలిచినట్టు. కొంగ లేచిపోయింది. బండి మెల్లగానే వెళ్ళింది, అది చెప్పినట్టే మెల్లగా వెళ్ళింది, అయినా అయిపోయింది. ఆఖరి పెట్టె వెనక ఎర్ర దీపం ఒకటి, అదీ చెట్ల వెనక్కి పోయింది. డ్రమ్ము అక్కడే ఉంది, నేనే దాని దగ్గర లేను. ఇంత చెరువులో, ఇన్ని నారింజ జాకెట్లలో, చెప్పిన చోట లేని మనిషిని ఎవరు పోల్చుకుంటారు.

మెడలో ప్లాస్టిక్ సంచిలో ఫోను కొట్టుకుంది. పైనించే కనపడుతోంది, సంచి లోపల ఆవిరి పట్టి అక్షరాలు కొంచెం అలుక్కుపోయి.

అక్కా, ఎడమకి పోతున్నావు. కుడిచెయ్యి కాస్త మెల్లగా.

జవాబు రాద్దామంటే వేళ్ళు తడి, తెర పలకదు, జాకెట్టుకి తుడిస్తే జాకెట్టూ తడే. మేడల అద్దాల్లో పొద్దు అయిపోయింది, ఒడ్డున పడవలాయన టార్చి వేసి ఆడిస్తున్నాడు, వచ్చెయ్యమని. వస్తున్నాను. ఆదివారం ఆ పిల్ల అక్కా అంటుంది, పలుకుతాను, అత్తయ్య పళ్ళు పెట్టుకుని కూర్చుంటారు, అందరూ మంచివాళ్ళే. పడవ తిప్పుకుని లాగడం మొదలుపెడతాను, కుడిచెయ్యి మెల్లగా, ఇంకా మెల్లగా, గుడ్డు పట్టుకున్నట్టు. పోతోంది. తిన్నగా, టార్చి వెలుగు ముక్కుకి సూటిగా, ఒక్క జానెడు కూడా పక్కకి పోకుండా పోతోంది, ఇంత సులువా, ఒక్క ముక్కలో అయిపోయేదా, ఇన్నేళ్ళూ చెప్పలేదేమే. చెబితే నేర్చుకుని ఉండేదాన్ని కదా. నేర్చుకుంటే నువ్వెందుకు ఇక.

సగం దారిలో, కావాలనే, కుడిచేత్తో గట్టిగా లాగుతాను, ఒకటి, ఇంకొకటి. ముక్కు ఎడమకి తిరుగుతుంది. తెడ్డు ఒళ్ళో పెట్టుకుని, వెనక నీళ్ళ చప్పుడు కోసం ఆగుతాను.